లూప్ హ్యాబిట్ ట్రాకర్: ఒక్కరోజు తప్పితే సున్నాకు పడెయ్యని యాప్

చాలాకాలానికి మళ్లీ పుస్తకం పట్టినవాళ్లలో ఎక్కువమంది ఆగిపోయేది మొదటిసారి ఒకరోజు తప్పిన మర్నాడే. ఇందులో అలవాట్ల యాప్‌ల పాపం కూడా కొంత ఉంది. వరసగా ఎన్ని రోజులు చేశారో ఆ అంకెను కొట్టొచ్చినట్టు చూపిస్తాయి, ఒక్కరోజు తప్పగానే సున్నా చేసేస్తాయి. సున్నా చూశాక మళ్లీ మొదలుపెట్టాలంటే ఎవరికైనా నీరసమే.

ఆండ్రాయిడ్‌లో ఉచితంగా దొరికే లూప్ హ్యాబిట్ ట్రాకర్ ఈ ఒక్క విషయంలో మిగతావాటికంటే మెరుగు. ప్రకటనలు లేవు, ఖాతా తెరవక్కర్లేదు, సోర్స్ కోడ్ అందరికీ అందుబాటులో ఉంది. వరస రోజుల లెక్క ఇందులోనూ ఉంటుంది గానీ, చూడాల్సింది అది కాదు, స్కోరు. అలవాటు ఎంత గట్టిపడిందో 0 నుంచి 100 శాతం మధ్య చూపిస్తుంది. రోజూ చేసే అలవాటైతే 13 రోజులకు 50 శాతం, నెలకు 80, రెండు నెలలకు 96 దగ్గరికి చేరుతుంది. 80 దగ్గర ఒకరోజు తప్పితే 76కు దిగుతుంది. నాలుగు రోజులు చేస్తే పోయింది తిరిగొస్తుంది. జ్వరం వచ్చి వారమంతా పుస్తకం ముట్టకపోయినా 55 దగ్గర ఆగుతుంది. అంటే ఇంకా సగం పైనే చేతిలో ఉన్నట్టు.

చదవడాన్ని ఇందులో ఎలా చేర్చుకుంటారన్నదే అసలు సంగతి. కొత్త అలవాటు పెట్టేటప్పుడు రెండు రకాలు కనిపిస్తాయి: చేశామా లేదా అని టిక్కు పెట్టేది ఒకటి, అంకె వేసేది ఇంకొకటి. చదవడానికి రెండోదే తీసుకోండి. యూనిట్ దగ్గర ‘పేజీలు’ అని రాసి, లక్ష్యం 10 పెట్టి, ‘కనీసం’ అన్నది ఎంచుకోండి. టిక్కుల పద్ధతిలో నాలుగు పేజీలు చదివిన రోజు ఏం చెయ్యాలో తేలదు. టిక్కు పెడితే అబద్ధం, పెట్టకపోతే అన్యాయం. అంకెల పద్ధతిలో 4 వేస్తే ఆ రోజుకు పదింట నాలుగు వంతుల ఫలితం స్కోరులో కలుస్తుంది. అయితే ఒకేరోజు 40 పేజీలు చదివినా పదికి మించి లెక్కలోకి రాదు, మిగులు రేపటికి జమ కాదు. ఇది లోపమని కొందరంటారు గానీ, అలవాటు కోసం చదివేవాళ్లకు ఇదే మేలు.

పేజీలకు బదులు నిమిషాలు పెట్టుకోవచ్చు కదా అంటే, పుస్తకం ఒళ్లో తెరిచి ఉండగా ఫోను చూసినా నిమిషాలు గడుస్తాయి. ఈ-పుస్తకాలు చదివేవాళ్లకు మాత్రం నిమిషాలే నయం, అక్షరాల సైజు మార్చితే పేజీల సంఖ్య మారిపోతుంది కాబట్టి. ‘ఏడాదికి ఇన్ని పుస్తకాలు’ అన్న లక్ష్యం దీంట్లో పెట్టొద్దు. లావుపాటి పుస్తకాన్ని పక్కనపెట్టి సన్నవి ఏరుకోవడం తప్ప దానివల్ల ఒరిగేదేమీ లేదు. వారానికి 70 పేజీలు అని పెట్టే వీలుంది, కానీ ఆదివారం రాత్రి కూర్చుని అరవై పేజీలు గబగబా తిప్పేయాల్సి వస్తుంది.

ఎక్కువమంది దెబ్బతినేది లక్ష్యం పెంచేటప్పుడు. అలవాటు కుదిరింది కదా అని 10ని 20 చేస్తే, యాప్ పాత రోజులన్నిటినీ కొత్త లక్ష్యంతో మళ్లీ లెక్కేస్తుంది. పదేసి పేజీలతో 80కి చేరిన స్కోరు ఒక్కసారిగా 40కి పడిపోతుంది. కాబట్టి పాతదాన్ని మార్చకండి. దాన్ని ఆర్కైవ్‌లోకి పంపి (లెక్క చెరగకుండా జాబితాలోంచి తప్పుకుంటుంది), 20 పేజీలతో కొత్తది తెరవండి.

నడక, సంగీత సాధన, ఉత్తరాలు రాయడం లాంటి మిగతా అటకెక్కిన అలవాట్లకు టిక్కుల పద్ధతి సరిపోతుంది. వారానికి మూడుసార్లు అని పెట్టొచ్చు. ఇలాంటివాటి స్కోరు మెల్లగా పెరుగుతుంది, 50 శాతానికి మూడు వారాలు దాటొచ్చు. యాప్ చెడిందని కంగారుపడొద్దు. మొత్తం మీద మూడు అలవాట్లకు మించి పెట్టకండి. పది అలవాట్లు పెట్టినవాళ్ల స్క్రీన్ నెల తిరిగేసరికి హాజరు పట్టీలా ఉంటుంది, అంతా గైర్హాజరే.

సెట్టింగ్స్‌లో రెండు మార్పులు మొదటిరోజే చేసుకోవాలి. ఒకటి, స్కిప్ డేస్. ప్రయాణం, అనారోగ్యం లాంటి రోజుల్ని ‘స్కిప్’గా గుర్తిస్తే స్కోరు కదలదు, వరసా తెగదు. బద్ధకానికి వాడితే మాత్రం స్కోరుకు అర్థం లేకుండా పోతుంది. రెండోది, రోజును తెల్లవారుజామున మూడింటి దాకా పొడిగించే సదుపాయం. పడుకునే ముందు చదివేవాళ్లకు ఇది తప్పనిసరి, లేకపోతే పన్నెండు దాటాక చదివినవి మర్నాటి ఖాతాలో పడతాయి.

రిమైండర్ సమయానికి మోగకపోతే తప్పు సాధారణంగా ఫోనుది. బ్యాటరీ ఆదా పేరుతో నోటిఫికేషన్‌ను ఆపేస్తుంది. ఫోను సెట్టింగ్స్‌లో ఈ యాప్‌కు బ్యాటరీ పరిమితులు తీసేయండి. రిమైండర్‌ను రాత్రి పదికి కాకుండా, రోజూ ఎలాగూ జరిగే పని ముగిసే వేళకు, భోజనం అయ్యాకో కాఫీ తాగాకో, పెట్టుకుంటే పని జరుగుతుంది. ఇక పేజీల లెక్క వేద్దామని ఫోను తీసి, అక్కణ్నుంచి వీడియోల్లోకి జారిపోయే ప్రమాదం ఉంది. దీనికి యాప్ దగ్గర మందు లేదు. హోమ్ స్క్రీన్ మీద విడ్జెట్ పెట్టుకుంటే యాప్ తెరిచే పనైనా తప్పుతుంది. అదీ కష్టమనిపిస్తే చదివిన పేజీ నంబరు బుక్‌మార్క్ మీద పెన్సిల్‌తో రాసుకుని, వారానికోసారి ఎక్కించండి. పాత తేదీలకూ అంకెలు వేయొచ్చు.

ఐఫోన్‌కు ఈ యాప్ లేదు. ఆండ్రాయిడ్‌లోనూ సమాచారం మీ ఫోనులోనే ఉంటుంది, యాప్‌కు తనదైన క్లౌడ్ ఖాతా లేదు. ఫోను పోతే నెలల లెక్కంతా పోవచ్చు. సెట్టింగ్స్‌లో పూర్తి బ్యాకప్ ఎగుమతి చేస్తే ఒక ఫైలు తయారవుతుంది. దాన్ని నెలకోసారి మీకు మీరే మెయిల్ చేసుకుంటే, కొత్త ఫోనులోకి దిగుమతి చేయడానికి రెండు నిమిషాలు చాలు.