క్యోటో గోషో, సెంతో తోట: ముందు నిజో కోట చూసి వెళ్లండి

క్యోటో వెళ్లే మనవాళ్లు చాలామంది ఫుషిమి ఇనారి, బంగారు గుడి, అరషియామా వెదురు తోపు చూసుకుని తిరిగి వచ్చేస్తారు. ఊరి నడిబొడ్డున ఉన్న పాత చక్రవర్తి ప్యాలెస్, క్యోటో గోషో, వాళ్ల లిస్టులో ఉండదు. ఉన్నా, "భవనాల్లోకి పోనివ్వరట, బయటి నుంచే చూడాలట" అని వదిలేస్తారు. ఆ మాట నిజమే. అయినా గోషోకీ, దానికి ఆగ్నేయంగా ఉన్న సెంతో గోషో తోటకీ చెరో పూట కేటాయించమని గట్టిగా చెబుతాను. ఒక్క షరతు. వాటికన్నా ముందు నిజో కోట చూడాలి.

ఎందుకంటే ఈ మూడింటినీ కలిపే మనిషి ఒకరున్నారు, గోమిజునూ చక్రవర్తి. నిజో కోట తొకుగావా వంశపు సేనాధిపతులైన షోగన్లది, 1603లో కట్టింది. అప్పట్లో దేశాన్ని ఏలింది వాళ్లే. చక్రవర్తికి మిగిలింది గౌరవం. 1626లో గోమిజునూ ఈ కోటకి అతిథిగా వచ్చి ఐదు రోజులు ఉన్నారు. ఆయన భార్య మసాకో, మాజీ షోగన్ హిదెతదా కూతురు. అప్పటి షోగన్ ఇయెమిత్సు ఆయనకి బావమరిది. అంటే అల్లుడుగారు మామగారి కోటకి వచ్చారన్నమాట. ఆ రాక కోసం వాళ్లు చేసిన ఆర్భాటం గోడల మీద ఇప్పటికీ కనిపిస్తుంది. చెప్పులు విడిచి నినోమారు ప్యాలెస్‌లో గది వెంట గది నడుస్తుంటే అడుగు కింద చెక్క పిట్టలా కిచకిచమంటుంది. బంగారు రేకు మీద కానో వంశపు చిత్రకారులు వేసిన పులులు, గోడంతా పాకిన పైన్ కొమ్మలు; ఇప్పుడు గోడల మీద ఉన్నవి చాలావరకు వాటి నకళ్లే. లోపల ఫోటోలు తీయనివ్వరు. టికెట్ కొనాలి, జనం ఎక్కువ, అయినా పెట్టిన డబ్బుకి పూర్తి న్యాయం జరుగుతుంది.

అక్కడి నుంచి సబ్‌వేలో కరాసుమా ఓయికే దగ్గర రైలు మారి ఇమదెగావా స్టేషన్‌లో దిగితే గోషో ఐదారు నిమిషాల నడక. సిటీ బస్సులు ఎక్కకండి. సూట్‌కేసులతో కిక్కిరిసి ఉంటాయి, అమ్మకి నిలబడే చోటు కూడా దొరకలేదు. సబ్‌వే హాయి. ఒసాకా నుంచి నేరుగా వచ్చేవాళ్లకి కేయిహాన్ రైలు బాగుంటుంది, దెమాచియనాగిలో దిగి నది దాటి పడమటికి నడిస్తే చాలు. ఒసాకాలో పనిచేసే మా తమ్ముడు మమ్మల్ని అలాగే తిప్పాడు.

గోషోకి బుకింగ్ అక్కర్లేదు, టికెట్టూ లేదు. 2016 నుంచి ఏడాది పొడవునా ఇలాగే తెరిచి ఉంచుతున్నారు. పడమటి వైపు సెయిషోమోన్ గేటు దగ్గర బ్యాగు చూసి పంపిస్తారు. లోపల దారి ఒక్కటే, బాణం గుర్తుల వెంట వెళ్లడమే. ఉదయం 10కి, మధ్యాహ్నం 2కి ఇంగ్లీషులో ఉచితంగా గైడ్ టూర్ ఉంటుంది. దాన్ని వదులుకోకండి. గైడ్ లేకపోతే ఇక్కడ పెద్ద పెద్ద చెక్క భవనాలు, ఖాళీ ఇసుక తప్ప ఏమీ అర్థం కాదు.

ఉదాహరణకి గేటు దాటగానే కనిపించే షొదైబు నో మా. సభకి వచ్చినవాళ్లు కూర్చుని ఎదురుచూసే మూడు గదులు అవి. ఒకదానిలో పులులు, ఒకదానిలో కొంగలు, ఒకదానిలో చెర్రీ పూల బొమ్మలు. ఎవరు ఏ గదిలో కూర్చోవాలో హోదాని బట్టి ఉండేదట. పులుల గది పై హోదా వాళ్లది. గైడ్ చెప్పాకే ఆ బొమ్మల్ని శ్రద్ధగా చూశాం.

తర్వాత షిషిన్‌డెన్. ఎర్ర స్తంభాల మంటపాల మధ్య గేటులోంచి చూస్తే విశాలమైన తెల్లని కంకర ముంగిలి, దాని అవతల మెట్లు, ఆ పైన సైప్రస్ చెట్టు బెరడు పొరలు పొరలుగా పరిచి వెదురు మేకులు కొట్టిన పెద్ద కప్పు. మెట్లకి ఒకవైపు చెర్రీ చెట్టు, ఇంకోవైపు తచిబానా నారింజ చెట్టు. అంతే. 1915లో తైషో, 1928లో షోవా చక్రవర్తుల పట్టాభిషేకాలు ఇక్కడే జరిగాయి. 2019లో తోక్యోలో జరిగిన వేడుకకి సింహాసన మంటపాన్ని ఇక్కడి నుంచే తీసుకెళ్లారు. పొద్దున నిజోలో అంత బంగారం చూసి వచ్చిన కళ్లకి ఈ ఖాళీ ముంగిలి కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. ఇక్కడి వాళ్లు తమ గొప్పని చూపించుకోవాలనుకోలేదు. నాకు నిజో కన్నా ఇదే ఎక్కువ నచ్చింది. వరస తిప్పి వెళితే అంత నచ్చేది కాదేమో.

1331 నుంచి 1869 వరకు చక్రవర్తుల ముఖ్య నివాసం ఈ చోటే. భవనాలు మాత్రం అంత పాతవి కావు. మళ్లీ మళ్లీ కాలిపోతే మళ్లీ మళ్లీ కట్టారు, ఇప్పుడున్నవి ఎక్కువగా 1855 నాటివి. చెరువు ఎదురుగా ఉన్న కొగోషో అయితే 1954లో కామో నది దగ్గర కాల్చిన బాణసంచా నిప్పుకి కాలిపోయింది, 1958లో తిరిగి కట్టారు. ఆ చెరువు తోట, ఓయికెనివా, బాగుంటుంది. కానీ దారి పక్కన నిలబడి చూడాల్సిందే, దిగి తిరగడానికి లేదు.

బయటికొచ్చాక ప్రహరీ వెంట ఈశాన్య మూలకి తప్పక వెళ్లండి. మనకి ఈశాన్యం దేవుడి మూల, అక్కడ కోత పడితే ఇల్లే కొనరు. వాళ్లకి అది చెడు లోపలికి వచ్చే దిక్కు. అందుకే గోడ మూలని లోపలికి మడిచి అసలు మూలే లేకుండా చేశారు, చూరు కింద కాపలాగా ఒక కోతి బొమ్మని పెట్టారు. రాత్రిళ్లు తిరిగి అల్లరి చేస్తోందని దానికి వల వేశారని కథ. అమ్మకి ప్యాలెస్ అంతటిలో బాగా గుర్తుండిపోయింది ఈ మూలే. గోడకి మరీ దగ్గరగా వెళితే సెన్సర్ మోగుతుంది, కాలువ ఇవతలే ఉండండి.

ఇక సెంతో గోషో. షోగన్లు తన ఆజ్ఞల్ని రద్దు చేయడంతో విసిగి, గోమిజునూ 1629లో గద్దె దిగి చిన్నపిల్ల అయిన కూతుర్ని కూర్చోబెట్టారు. ఆయన కోసం 1630లో సిద్ధం చేసిన నివాసం ఇది. తోట వేసింది కొబోరి ఎన్షూ. నిజో కోట తోటని చక్రవర్తి రాక కోసం తీర్చిదిద్దింది కూడా ఆయనే అంటారు. సెంతో భవనాలు 1854లో కాలిపోయాక మళ్లీ కట్టలేదు, కాబట్టి ఇక్కడ చూడాల్సింది తోటే. ఉత్తరాన ఒక చెరువు, దక్షిణాన ఒక చెరువు. మధ్యలో మేపుల్ చెట్ల దారి, నవంబరు చివర్లో అది నిప్పులా ఉంది. దక్షిణపు చెరువు ఒడ్డున సుహామా, గుండ్రటి చదును రాళ్లు పరిచిన తీరం. రాళ్లు సుమారు 1,11,000 అంటారు. ఒక్కో రాయికి ఒక షో బియ్యం, అంటే 1.8 లీటర్ల కొలత, ఇచ్చి ఒదవారా నుంచి తెప్పించారని చెబుతారు. కాసేపు నిలబడి చూశాను. రాళ్లన్నీ దాదాపు ఒకే సైజు, నీళ్లలోకి ఎక్కడ దిగిపోతున్నాయో తెలియనంత నెమ్మదిగా వాలుతున్నాయి.

సెంతోకి ముందే ఆన్‌లైన్‌లో అప్లై చేసుకోవాలి, పాస్‌పోర్ట్ దగ్గర ఉండాలి. అదే రోజు ఉదయం 11 నుంచి గేటు దగ్గర మధ్యాహ్నం టూర్లకి కొన్ని చోట్లు ఇస్తారు, కానీ ఆకులు రంగు మారే రోజుల్లో వాటిని నమ్ముకోవద్దు. ఇది కూడా ఉచితమే. పిల్లలతో వెళ్లేవాళ్లు వయసు నిబంధన చూసుకోండి. గైడ్ జపనీస్‌లోనే చెబుతారు, మనకి ఇంగ్లీషు ఆడియో ఇస్తారు. నచ్చని సంగతి ఒకటే, నడక వేగం. వెనక ఒక గార్డు వస్తూ ఎవరినీ వెనకబడనివ్వడు. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకి ఎగుడుదిగుడు మెట్టురాళ్ల మీద ఆ వేగం కష్టం. అమ్మ పంటి బిగువున నడిచింది. అలాంటివాళ్లని గోషో చూశాక బయట క్యోటో గ్యోయెన్ పార్కులో కూర్చోబెట్టడం మేలు. చెట్లు, బెంచీలు, శుభ్రమైన టాయిలెట్లు ఉన్నాయి, పార్కు ఎప్పుడూ తెరిచే ఉంటుంది.

బస మరుతమాచి స్టేషన్ దగ్గర ఒక చిన్న బిజినెస్ హోటల్లో. రెండు సూట్‌కేసులు ఒకేసారి తెరిచే జాగా లేదు, హీటర్ రాత్రంతా చప్పుడు చేసింది. అయినా మళ్లీ ఆ పేటలోనే దిగుతాను. పెద్ద క్యోటో స్టేషన్ పక్క హోటళ్ల రద్దీ లేదు, తెల్లవారుజామున పార్కులోకి నడిచి వెళ్లొచ్చు. గదులు మధ్యాహ్నం 3కి గానీ ఇవ్వరు, సామాను మాత్రం ముందే తీసుకుని దాచారు.

శాకాహారులకి తిండి కష్టమే. కూరగాయల సూప్ అన్నా అందులో చేప రసం ఉంటుంది, అడగకుండా తినకండి. దెమాచి ఫుతబా అనే పాత మిఠాయి కొట్టు గోషోకి ఈశాన్యంగా, నడిచేంత దూరంలో ఉంది. అక్కడి మామె మోచీ, గింజలు పొదిగిన మెత్తటి బియ్యం పిండి మిఠాయి, అమ్మకి ఎంతో నచ్చింది. క్యూ పెద్దదే, కానీ వేగంగా కదులుతుంది.

నవంబరులో గోషో సాయంత్రం 4కే మూస్తారు, 40 నిమిషాల ముందే లోపలికి వదలడం ఆపేస్తారు. అందుకే నిజోకి తెరిచే వేళకే వెళ్లి, గోషో టూర్‌కి 10 కాకుండా మధ్యాహ్నం 2 ఎంచుకుని, సెంతోని మర్నాటికి పెట్టుకుంటే టెన్షన్ ఉండదు. గోషో, సెంతో రెండూ సోమవారం సెలవు.