తెరా, కాగితమా: విశాఖ విద్యార్థికి ఏది మేలు?

ద్వారకానగర్ పౌర గ్రంథాలయానికి పోటీ పరీక్షల పుస్తకం మోసుకెళ్లాలా, ఫోను చాలా? వెతకడానికైతే ఈ-పుస్తకమే, మాట కొడితే పేజీ ప్రత్యక్షం. పాత తెలుగు పుస్తకాల పీడీఎఫ్‌లతోనే చిక్కు. చాలావరకు స్కాన్ చేసిన బొమ్మలే! అక్షరం పెద్దది చేస్తే వరుస తెర దాటిపోతుంది, వెతుకులాటా సాగదు.

పాఠం బుర్రకెక్కాలంటే నా ఓటు కాగితానికే. 54 అధ్యయనాలను కలిపి 2018లో వెలువడిన విశ్లేషణ కూడా, సమాచార పాఠాలు, అందులోనూ గడియారం చూసుకుంటూ చదివేవి, అచ్చులోనే మెరుగ్గా అర్థమవుతాయని తేల్చింది. కథల్లో ఆ తేడా కనిపించలేదు. నవలలు నిశ్చింతగా ఫోనులో చదువుకోండి.

సముద్రపు తేమకు అట్టలు వంకరపోతాయి, బూజు పడుతుంది, నిజమే. కానీ 2014లో హుద్‌హుద్ తుపాను తర్వాత రోజుల తరబడి కరెంటు లేనప్పుడు పనికొచ్చింది అచ్చు పుస్తకమే. కాగితంలా కనిపించే తెరతో, వారాలపాటు చార్జింగు నిలిచే ఈ-ఇంక్ రీడరు మధ్యేమార్గం, కొనగలిగితే.