ప్రథమ చికిత్స పెట్టె బాగుంది, లోపలి కాగితమే అక్కరకు రాలేదు

బెంగళూరు మారతహళ్ళిలోని ఒక మందుల దుకాణంలో ఆరు నెలల క్రితం 749 రూపాయలు పెట్టి ప్రథమ చికిత్స పెట్టె కొన్నాను. తయారుచేసిన సంస్థ పేరు రాయడం లేదు. ఇంచుమించు ఇదే సరంజామాతో ఇలాంటి పెట్టెలు చాలా దొరుకుతున్నాయి కాబట్టి, కొనేవారికి పేరుకన్నా లోపల ఏముందో తెలియడం ముఖ్యం. పగలంతా నేనూ మావారూ ఆఫీసుల్లో ఉంటాం. ఇంట్లో ఉండేది మా అత్తగారు, అయిదేళ్ల మా అబ్బాయి. ఒంగోలు నుంచి వచ్చిన మా అత్తగారు తెలుగు పత్రిక మొదటి పుట నుంచి చివరి పుట దాకా చదువుతారు. ఇంగ్లీషు, హిందీ చదవలేరు.

పెట్టె గట్టిది, మూత బిగుతుగా పడుతుంది. గాయం మీద కప్పే పల్చని గుడ్డ, అంటే గాజ్ ముక్కలు ఒక్కొక్కటీ విడిగా సీలు వేసి ఉన్నాయి. చేతికి దెబ్బ తగిలితే మెడకు వేలాడదీసే త్రికోణపు గుడ్డ మంచి నూలుది. కత్తెర మాత్రం గాజ్‌ను కూడా సరిగ్గా కోయదు, ప్లాస్టర్లు తడి తగిలితే ఊడిపోతాయి.

అసలు పరీక్ష ఏప్రిల్‌లో ఎదురైంది. అత్తగారు అన్నం వారుస్తుండగా గిన్నె ఒరిగి, మరిగే గంజి ఎడమ మణికట్టు మీద పడింది. ఆమె పెట్టె తెరిచి కాగితం తీశారు. అది ఇంగ్లీషు, హిందీలలోనే ఉంది. బెంగళూరులో అమ్మే పెట్టెలో కన్నడం కూడా లేదు. నాకు ఫోన్ చేసేసరికి అప్పటికే పేస్టు రాసుకున్నారు. "అత్తయ్యా, ముందు గాజులు తీసెయ్యండి, పేస్టు కడిగేసి చెయ్యి నీళ్ల కింద పెట్టండి" అన్నాను. ఆ పూట కుళాయిలో ధార సన్నగా వస్తోంది. బకెట్ నింపి పెట్టుకున్న నీళ్లను చెంబుతో పోసుకుంటూ, నేను గడియారం చూసి చెప్పేదాకా, 20 నిమిషాలూ అలాగే కూర్చున్నారు. గాజులు రెండు సులువుగానే వచ్చాయి, మూడోదానికి సబ్బు రాయాల్సి వచ్చింది. ఇంకో పావుగంట ఆలస్యమైతే వాపెక్కి, అదే గాజు చేతికి బిగుసుకుపోయేది.

కాలిన తరువాత కూడా వేడి చర్మం లోపలి పొరల్లో నిలిచి ఉంటుంది, దాన్ని బయటికి లాగేది చల్లని నీటి ధారే. పేస్టు, సిరా, కాఫీపొడి ఆ పని చేయలేవు; పైగా వైద్యుడు గాయాన్ని చూడాలంటే ముందు వాటిని తుడిచి తీయాలి, అప్పుడు నొప్పి రెట్టింపవుతుంది. మంచు ముక్క పెట్టినా చర్మానికి హానే. సాయంత్రం నేను కాగితం చదివితే, కాలిన గాయాల శీర్షిక కింద మొదటి వాక్యం క్రీము రాయమని, నీళ్ల మాట మూడో వాక్యంలో ఉన్నాయి. ఆ క్రీము ట్యూబు మీద అతికించిన ధర స్టిక్కరును గోటితో లేపి చూస్తే, దాని కింద ఉన్న గడువు తేదీ అప్పటికే దాటిపోయింది.

పెట్టెలో ఓఆర్ఎస్ పొట్లం లేకపోవడం నాకు పెద్ద లోటుగా అనిపించింది. పిల్లల ఇంట్లో విరేచనాలంత తరచుగా వచ్చే అవసరం మరొకటి లేదు. ఓఆర్ఎస్ పేరుతో అమ్ముడయ్యే తీపి పానీయాల మీద హైదరాబాదు పిల్లల వైద్యురాలు శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రానికి సరిపోని పానీయాల మీద ఆ పేరు వాడకూడదని ఆహార భద్రతా సంస్థ 2025 అక్టోబరులో ఆదేశించింది. లీటరు పొట్లాలు నాలుగు కొని పెట్టాను. పొట్లం మొత్తాన్ని లీటరు నీటిలో ఒకేసారి కలపాలి, సగం పొట్లం గ్లాసు నీళ్లలో వేసి ఇవ్వకూడదు.

మందుల అరలో ఐబుప్రొఫెన్ కలిసిన మాత్రల పట్టీ ఉంది. వానాకాలంలో డెంగీ తిరిగే ఈ నగరంలో, జ్వరం ఏమిటో తేలకముందే ఆ మాత్ర వేసుకుంటే రక్తస్రావం ముప్పు పెరుగుతుంది కాబట్టి దాన్ని తీసేశాను. పిల్లల పారాసెటమాల్ సిరప్ 5 మిల్లీలీటర్లకు 120, 250 మిల్లీగ్రాములని రెండు రకాలుగా వస్తుంది. 120 రకానికి అలవాటైన కొలతతోనే 250 రకం పోస్తే మోతాదు రెట్టింపు దాటిపోతుంది. అందుకే మా వైద్యుడు బాబు బరువును బట్టి చెప్పిన కొలతను సీసా మీదే రాసిపెట్టాను.

ఇప్పుడు మూత లోపలివైపు అత్తగారి చేతిరాతలో ఒక కాగితం అంటించి ఉంది: కాలితే 20 నిమిషాలు నీళ్లు, కుక్క కరిస్తే 15 నిమిషాలు సబ్బుతో ధార కింద కడిగి అదే రోజు టీకా, ముక్కు నుంచి రక్తం కారితే తల ముందుకు వంచి, ముక్కు మెత్తని భాగం 10 నిమిషాలు నొక్కిపట్టడం, అంబులెన్సు 108.

కన్నడం, తెలుగు, తమిళాల్లో కాగితం వేయమని సంస్థకు ఉత్తరం రాశాను. సంబంధిత విభాగానికి పంపామని ఒక వాక్యం వచ్చింది, ఆ తరువాత ఏమీ రాలేదు. డబ్బా, గాజ్, త్రికోణపు గుడ్డల కోసం అయిదింటికి రెండున్నర ఇస్తున్నాను.