ఉన్న వెలుగా, పెట్టిన వెలుగా: ఏది మేలు?

కిటికీ పక్కన కూర్చున్న మనిషిని తీయాలి. కిటికీ వెలుగే చాలంటారు కొందరు కెమెరామెన్. లైట్లు పెట్టందే షాట్ తీయరు ఇంకొందరు. మాటలు ఎక్కువున్న సీనైతే నేను రెండో పక్షమే.

ఒకసారి కిటికీని నమ్ముకుని ఇద్దరి సంభాషణ తీశాను. ఒకరి క్లోజప్ అయిందో లేదో మబ్బు పట్టేసింది. రెండో మనిషి ముఖం కాస్త నీలంగా, చదునుగా వచ్చింది. ఎడిటింగ్‌లో ఆ రెండు షాట్లూ పక్కపక్కన పెడితే, పొద్దున అడిగిన ప్రశ్నకి సాయంత్రం జవాబు చెబుతున్నట్టుంది!

అలాగని ఉన్న వెలుగు తక్కువదేం కాదు. ‘డేస్ ఆఫ్ హెవెన్’ (1978)లో నెస్టర్ అల్మెండ్రోస్ చాలా సీన్లు సూర్యుడు కుంగాక మిగిలే కాసింత వెలుగులోనే తీశాడు. ఆస్కార్ కూడా వచ్చింది. కాకపోతే ఆ వెలుగు రోజుకు ఓ 20 నిమిషాలు, అంతే. ఆ కాసేపటి కోసం యూనిట్ అంతా కాచుకుని కూర్చోవాలి.

‘బ్యారీ లిండన్’ (1975) కథ ఇంకా తమాషా. కొన్ని సీన్లు కొవ్వొత్తుల వెలుగులోనే తీయడానికి, నాసా కోసం జైస్ కంపెనీ చేసిన ఎఫ్/0.7 లెన్స్ (చాలా వెడల్పుగా తెరుచుకుని, కొద్ది వెలుగునీ పట్టేది) తెచ్చారు. అంత తెరుచుకునే లెన్స్‌తో నటుడు కొంచెం ముందుకు వంగినా ఫోకస్ పోతుంది. అందుకని పక్కనుంచి ఒక వీడియో కెమెరా పెట్టి, మనిషి ఎంత కదిలాడో చూసుకుంటూ ఫోకస్ తిప్పారు. ఉన్న వెలుగంటే ఖర్చు లేనిదనుకునేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి.

పెట్టిన వెలుగులో స్వేచ్ఛ ఎక్కువ. ‘గాడ్‌ఫాదర్’ (1972)లో గోర్డన్ విల్లిస్ లైట్లని తల మీద నుంచి వేసి, నటుడు మార్లన్ బ్రాండో కళ్లని నీడలో దాచేశాడు. మన ‘మాయాబజార్’ (1957)లో మార్కస్ బార్‌ట్లీ వెన్నెల సంగతి చెప్పనే అక్కర్లేదు. అసలు వెన్నెలని పట్టేంత శక్తి అప్పటి ఫిల్ముకి లేదు; అది ఆయన పుట్టించిన వెన్నెలే.

నాకు అందరికంటే నచ్చింది సత్యజిత్ రాయ్ కెమెరామన్ సుబ్రతో మిత్రా పద్ధతి. ‘అపరాజితో’ (1956)లో కాశీ ఇంటి లోపలి వాకిలిని స్టూడియోలో సెట్ వేశారు. పైన ఆకాశం లేదు. ఆయన సెట్ పైన కప్పులా తెల్లగుడ్డ కట్టించి, కింది నుంచి లైట్లు దాని మీదకి కొట్టించాడు. తిరిగొచ్చిన మెత్తటి వెలుగు అచ్చం ఆకాశం నుంచి దిగినట్టే ఉంటుంది.

నా కిటికీ సీన్ మళ్లీ తీసినప్పుడు అలాంటి కిటుకే వాడాను. కిటికీ బయట ఒక లైటు, దాని ముందు తెల్లటి దుప్పటి, నీడ పడ్డ వైపు వెలుగుని తిప్పికొట్టడానికి థర్మోకోల్ షీటు. మధ్యాహ్నం వాన పడింది, అయినా షూటింగ్ ఆగలేదు.