రిపీట్ చేసినా వదలని పాత గ్రేడు: లా స్కూలు అప్లికేషన్లలో ఎల్‌ఎస్‌ఏసీ లెక్క

అమెరికాలో లా స్కూలుకి అప్లై చేసేవాళ్ళ డిగ్రీ గ్రేడ్లు ఎల్‌ఎస్‌ఏసీ (లా స్కూల్ అడ్మిషన్ కౌన్సిల్) వారి క్రెడెన్షియల్ అసెంబ్లీ సర్వీసు (గ్రేడ్లన్నీ ఒకే లెక్కలోకి తెచ్చి స్కూళ్ళకి పంపే ఏర్పాటు) మీదుగా వెళ్తాయి. ఖాతా తెరవడం, ఫీజు కట్టడం అందరికీ తెలిసినవే. ఏళ్ళుగా ఈ రిపోర్టులు చూస్తున్నాక కూడా నా కోపం తగ్గనిది ఒక్క విషయంలోనే. రిపీట్ చేసిన కోర్సుని అది లెక్కగట్టే తీరు అన్యాయం.

మొదటి ఏడాది నాలుగు క్రెడిట్ల కెమిస్ట్రీలో ఎఫ్ వచ్చిందనుకోండి. మళ్ళీ చదివి ‘ఏ’ గ్రేడు తెచ్చుకుంటే చాలా కాలేజీలు పాతది తీసేసి కొత్తదే జీపీఏలో (గ్రేడ్ల సగటులో) కలుపుతాయి. మిగతా 116 క్రెడిట్లలో సగటు 3.70 ఉంటే కాలేజీ చూపించేది 3.71. ఎల్‌ఎస్‌ఏసీ మాత్రం ఆ ఎఫ్‌ని కూడా కలిపి 120కి బదులు 124తో భాగిస్తుంది. చేతికొచ్చేది 3.59. ట్రాన్‌స్క్రిప్టులో (కాలేజీ ఇచ్చే గ్రేడ్ల పత్రంలో) పాత గ్రేడు మీద గీత కొట్టి ఉన్నా ఒప్పుకోదు. గ్రేడూ క్రెడిట్లూ రెండూ కనబడితే లెక్కలోకి వచ్చినట్టే. లా స్కూళ్ళు ఏటా బయటపెట్టే మీడియన్ (మధ్యస్థ) జీపీఏకి తీసుకునేది ఎల్‌ఎస్‌ఏసీ అంకెనే. మీడియన్ దగ్గర్లో ఉన్నవాళ్ళకి 0.12 తేడా చిన్నదేం కాదు.

సరిదిద్దుకునే దారి ఇరుకుగానే ఉంటుంది. మొదటి బ్యాచిలర్స్ డిగ్రీ చేతికొచ్చాక చదివినవేవీ ఈ జీపీఏలో కలవవు, మాస్టర్స్ గ్రేడ్లు కూడా. అందుకని కోర్సు కష్టంగా ఉందని తెలిసిన సెమిస్టర్‌లోనే, గడువు దాటకముందే విత్‌డ్రా అవడం మేలు. మామూలు డబ్ల్యూ (విత్‌డ్రా అయినట్టు గుర్తు) లెక్కలోకి రాదు. డబ్ల్యూఎఫ్ (ఫెయిలవుతూ విత్‌డ్రా అయినట్టు) గుర్తుని మీ కాలేజీ శిక్షగా చూస్తే మాత్రం సున్నా పడుతుంది. రిజిస్ట్రార్ ఆఫీసులో ఇది ముందే అడగండి.

ఏ ప్లస్‌కి 4.33 ఇవ్వడం మాత్రం నిజంగా నచ్చుతుంది. కాలేజీ 4.00 దగ్గరే ఆపేసినా ఇక్కడ పైకి వెళ్తుంది. 120 క్రెడిట్లలో 30కి ఏ ప్లస్ ఉంటే దాదాపు 0.08 కలిసొస్తుంది. అయితే ట్రాన్‌స్క్రిప్టులో ఏ ప్లస్ అని ఉంటేనే. ఆ గ్రేడే ఇవ్వని కాలేజీల పిల్లలకి దీనివల్ల ఒరిగేదేమీ లేదు.

ట్రాన్‌స్క్రిప్టు ఒక్కసారి పంపితే అన్ని స్కూళ్ళకీ చేరడం మంచి సౌకర్యమే, కానీ చదివిన ప్రతి కాలేజీ నుంచీ ట్రాన్‌స్క్రిప్టు విడివిడిగా రావాలి. హైస్కూల్లో ఉండగా డ్యూయల్ క్రెడిట్ (హైస్కూలుకీ కాలేజీకీ రెండింటికీ లెక్కయ్యేలా) కింద కమ్యూనిటీ కాలేజీలో తీసుకున్న ఒక్క కోర్సు కూడా వదలకూడదు. మన పిల్లల ఫైళ్ళు ఎక్కువగా ఆగేది ఇక్కడే. ఆ క్రెడిట్లు యూనివర్సిటీ ట్రాన్‌స్క్రిప్టులో ట్రాన్స్‌ఫర్ కింద కనబడుతూనే ఉంటాయి కాబట్టి దాగవు. మనం తెచ్చిన కాపీ చెల్లదు, కాలేజీయే నేరుగా పంపాలి. ఆర్డర్ పెట్టేటప్పుడు ఎల్‌ఎస్‌ఏసీ ఖాతా నంబరు సరిచూసుకోండి. చేరాక ప్రాసెసింగ్‌కి సుమారు రెండు వారాలు వేసుకోండి. ఎల్‌ఎస్‌ఏసీ లెక్క చూపే అకడమిక్ సమ్మరీ రాగానే ట్రాన్‌స్క్రిప్టు పక్కన పెట్టుకుని వరసా వరసా పోల్చండి. తప్పు కనబడితే వాళ్ళకి రాసి సరిచేయించుకోవచ్చు.

హైదరాబాద్‌లోనో విజయవాడలోనో బీటెక్ చేసి, అమెరికాలో ఎంఎస్ ముగించి, పేటెంట్ లా వైపు వెళ్ళాలనుకునేవాళ్ళ సంగతి పూర్తిగా వేరు. వాళ్ళకి 4.0 లెక్కే ఉండదు. విదేశీ డిగ్రీకి సుపీరియర్, అబవ్ యావరేజ్, యావరేజ్, బిలో యావరేజ్ అన్న నాలుగు మాటల్లో ఒకటి వస్తుంది. ఎంఎస్‌లో 4.0 ఉన్నా జీపీఏ గడి ఖాళీయే.

రిపీట్లు లేకుండా ఒకే కాలేజీలో చదివినవాళ్ళకి ఈ సర్వీసుతో పెద్ద ఇబ్బంది ఉండకపోవచ్చు. ఏ ప్లస్‌లు బాగా ఉన్నవాళ్ళకి లాభమే. మొదటి ఏడాది తడబడి తర్వాత నిలదొక్కుకున్నవాళ్ళయితే కాలేజీ జీపీఏ నమ్ముకుని స్కూళ్ళ జాబితా వేసుకోవద్దు. పాత గ్రేడ్లన్నీ కలిపి ముందుగా లెక్కవేసుకుని, ఆ ఎఫ్ ఎందుకొచ్చిందో ఒక పేజీ దాటకుండా అడెండంలో (అప్లికేషన్‌కి జోడించే వివరణలో) రాసి పెట్టండి.