కొత్త బంగారమా, పాత నగ కరిగించడమా?

బెంగళూరులో మన ఇళ్లలో పెళ్లి కుదిరిందంటే మొదలయ్యే చర్చే ఇది.

ఖర్చు: కొత్తదానికి బంగారం ధర, మజూరీ, తరుగు, పైన 3 శాతం జీఎస్టీ. పాతదానికి మజూరీ, కరిగించాక తగ్గే తూకం.

శ్రమ: కొత్తది ఒక్క సాయంత్రం పని. పాతదానికి నగరత్‌పేటలో కంసాలి ఎదుట గంటలు కూర్చోవాలి. అమ్మమ్మ కాసులపేరు మూసలో ఎర్రగా కరిగి ఒక్క ముద్దయినప్పుడు నాకు కళ్లు చెమ్మగిల్లాయి.

అడవి: నాకు అన్నిటికన్నా ముఖ్యం ఇదే. పెరూ దేశపు అడవి ప్రాంతం మాద్రె దె దియోస్‌లో చిన్న గనులవాళ్లు చెట్లు కొట్టి, మట్టిని నీళ్లతో కడిగి, పాదరసంతో బంగారు రేణువుల్ని పట్టుకుంటారు. పాదరసం, బంగారం కలిసిన ఆ ముద్దను కాలిస్తే పాదరసం ఆవిరై గాలిలో కలుస్తుంది, నదిలో చేపలదాకా చేరుతుంది. పైమట్టి పోయి గుంటలు మిగిలిన చోట అడవి మళ్లీ మొలవడం చాలా కష్టం. పాదరసం వాడకాన్ని తగ్గించాలనే అంతర్జాతీయ మినమాటా ఒప్పందం 2017లో అమల్లోకి వచ్చింది. కానీ నగ మీది హాల్‌మార్క్ స్వచ్ఛతనే చెబుతుంది, ఏ అడవి నుంచి వచ్చిందో చెప్పదు.

బీరువాలో వాడని నగలుంటే కరిగించండి. రాళ్లు పొదిగినవైతే నష్టమెక్కువ, అలాగే ఉంచండి. పాత బంగారమే లేని ఇంట్లో తాళికి కొత్తది కొనక తప్పదు. అప్పుడైనా రీసైకిల్ బంగారం ఉందా అని దుకాణంలో అడగండి.