ఫ్యూయల్ ప్రెషర్: ప్యానెల్ దాకా పైపా, ఫైర్‌వాల్ మీద సెన్సారా? ఏది మేలు?

డాలస్‌లో మా ఇంటి గరాజ్‌లో ఆర్‌వీ-9ఏ అనే చిన్న కిట్ విమానం కడుతున్నానని తెలిసినప్పటి నుంచి, సొంతంగా విమానం కట్టుకుంటున్న మనవాళ్లు నన్ను ఎక్కువగా అడిగేది ఇదే. ఫ్యూయల్ ప్రెషర్ (ఇంజన్‌కు చేరే పెట్రోల్ ఒత్తిడి) చూసుకోవడానికి, పైలట్ ముందుండే మీటర్ల ప్యానెల్ వెనక్కి సన్న పైపు లాగి ముల్లు గేజ్ పెట్టాలా? లేక సెన్సార్‌ను ఫైర్‌వాల్ (ఇంజన్‌కూ క్యాబిన్‌కూ మధ్య ఉండే మంట అడ్డుగోడ) అవతలే ఉంచి వైరు మాత్రం లోపలికి తేవాలా? పోయిన నెల నేనూ దీన్ని తేల్చుకోవాల్సి వచ్చింది. నేను సెన్సారే పెట్టాను.

రెక్కలు పైన ఉండి పెట్రోల్ దానంతటదే కిందికి దిగే పాత సెస్నా విమానాల వాళ్లకు ఈ గొడవే లేదు. మాది కింది రెక్క. ట్యాంకులు, పెట్రోల్‌ను గాలితో కలిపి ఇంజన్‌కిచ్చే కార్బ్యురేటర్ కంటే కిందున్నాయి కాబట్టి పంపు తోడితేనే ఇంజన్ నడుస్తుంది. నా లైకమింగ్ ఓ-320 ఇంజన్‌కి కార్బ్యురేటర్ దగ్గర కనీసం 0.5 పీఎస్‌ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు, ఒత్తిడి కొలత) కావాలి, 8 దాటకూడదు. ఇంత చిన్న పరిధిని కొలవాలి కాబట్టే ఏ గేజ్ అనేది ఆలోచించుకోవాలి.

ముందు ముల్లు గేజ్ సంగతి. దానికి కరెంటు అక్కర్లేదు. ఆల్టర్నేటర్ పోయినా, బ్యాటరీ చచ్చినా ముల్లు నిజమే చెబుతుంది. పాత పైపర్ విమానాల్లో దశాబ్దాలుగా నమ్మకంగా పనిచేస్తున్నది ఇదే. కాకపోతే ఒక్క విషయం ఆలోచించండి. బ్యాటరీ చచ్చిందంటే ఇంజన్ పంపుకు తోడుగా ఉండే ఎలక్ట్రిక్ బూస్ట్ పంపూ చచ్చినట్టే. అప్పుడు ప్రెషర్ పడిపోతోందని ముల్లు చెప్పినా వెంటనే దిగడం తప్ప మనం చేసేదేమీ ఉండదు.

నా నిర్ణయాన్ని తేల్చింది మాత్రం వేరే కారణం. ఆ పైపులో ఉండేది పెట్రోలు, అదీ ప్రెషర్‌తో, సరిగ్గా మన మోకాళ్ల ముందు. ఆ మధ్య ఒక స్నేహితుడి పాత విమానంలో రేడియో మార్చడానికి ప్యానెల్ విప్పాం. గేజ్ వెనకాల నట్టు చుట్టూ నీలం మరక కనిపించింది. కింద కార్పెట్ మీదా అదే నీలం. చిన్న విమానాల్లో వాడే నీలం రంగు 100ఎల్‌ఎల్ పెట్రోలు ఆవిరైపోయినా దాని రంగు మిగిలిపోతుంది. వేలితో తుడిస్తే వేలికి అంటింది. ఆయనకు ఎప్పుడూ వాసన కూడా రాలేదట. ఆ మరకకు జానెడు దూరంలో స్విచ్చులూ వైర్లూ ఉన్నాయి. అది చూశాక నా క్యాబిన్‌లోకి అనవసరంగా పెట్రోల్ లైను తేవడానికి మనసు ఒప్పలేదు.

అయినా ముల్లు గేజే కావాలంటే, పైపు మొదలయ్యే చోట సన్న రంధ్రం ఉన్న ఫిట్టింగ్ తప్పక వేయండి. పైపు తెగినా పెట్రోలు చిమ్మకుండా సన్నధారగానే వస్తుంది. ఫ్యాక్టరీ విమానాలకు ఎఫ్‌ఏఏ (అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ) ఇదిగానీ ఇలాంటి వేరే రక్షణగానీ ఉండాలని నియమమే పెట్టింది. మనం కట్టుకునే వాటికి అడిగేవాళ్లు లేరని వదిలేయొద్దు.

సెన్సార్‌కూ రోగాలున్నాయి. దాన్ని నేరుగా ఇంజన్ పంపుకు బిగిస్తే అదురుకు ఇత్తడి మర దగ్గర విరుగుతుంది. ఫైర్‌వాల్‌కు క్లాంప్ చేసి, ఫైర్‌స్లీవ్ (మంట తగలకుండా కాపాడే తొడుగు) వేసిన గొట్టంతో కలపాలి. ఒంటి వైరు సెన్సార్ అయితే దాని ఒళ్లే ఎర్త్. ఎర్త్ సరిగా లేకపోతే ల్యాండింగ్ లైటు వేసినప్పుడల్లా రీడింగ్ మారుతుంది. అందుకే మూడు వైర్లది, 0.5 నుంచి 4.5 వోల్టులు ఇచ్చేది కొన్నాను. రేంజ్ 0–15 పీఎస్‌ఐ చాలు. 0–100ది తెస్తే మనకు కావాల్సిన తేడాలు అందులో కనపడవు.

అన్నిటికంటే ముఖ్యంగా, సెన్సార్‌కు బయటి గాలి తగిలే రంధ్రం ఉందో లేదో కొనేముందే అడగండి. మూసేసిన రకం సెన్సార్ లోపల నేల మట్టపు గాలి ఒత్తిడి, అంటే 14.7 పీఎస్‌ఐ, బందీగా ఉంటుంది. 10 వేల అడుగుల దగ్గర బయట 10.1 మాత్రమే ఉంటుంది. పంపు నిజంగా 4 పీఎస్‌ఐ ఇస్తున్నా, రెండూ కలిపి 14.1, లోపలి 14.7 కంటే తక్కువ, కాబట్టి ఆ సెన్సార్‌కు అది సున్నా కంటే తక్కువే. నేల మీద పరీక్షిస్తే అంతా బాగానే ఉంటుంది. పైకెళ్లాక ఎర్ర అలారం మోగుతుంది. బాగున్న ఇంజన్‌తో పొలంలో దిగాలన్నంత టెన్షన్ పుట్టించే తప్పు ఇది. క్యాబిన్ గాలితో పోల్చుకునే ముల్లు గేజ్‌కు ఈ బెడద లేదు, ఆ మాట ఒప్పుకోవాలి.

మూడో దారి, ప్రెషర్ పడిపోతే వెలిగే దీపం. అదనంగా పెట్టుకోండి, అదొక్కటే చాలదు. ఫ్యూయల్ ఫ్లో మీటర్ ఎంత తాగుతోందో చెబుతుంది, అది వేరే లెక్క.

నా సెన్సార్‌ను నీళ్లతో సరిచూశాను. పారదర్శకమైన ప్లాస్టిక్ గొట్టాన్ని గరాజ్ పైకప్పుకు వేలాడదీసి, కింది కొసకు సెన్సార్ తగిలించి, ఏడడుగుల ఎత్తు వరకు నీళ్లు నింపాను. అంత నీరు దాదాపు 3 పీఎస్‌ఐ. స్క్రీన్ మీద 3.0 వచ్చింది. తర్వాత సెన్సార్ విప్పి, లోపల చుక్క నీరు లేకుండా ఆరబెట్టాకే దాని చోట బిగించాను.